అరకు దారిలో వంట: ఇంజన్ వేడా, చిన్న గ్యాస్ స్టవ్వా?

వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డుతో మూడు గంటలు పైనే పడుతుంది, అంతసేపూ బానెట్ కింద వేడి ఊరికే పోతుంది కదా అని మా బావ పోయినసారి వంజరం ముక్కలకి అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించి ఫాయిల్‌లో మూడు పొరలు చుట్టి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి వేడి పొగ బయటికి పోయే గొట్టాలు) మీద కదలకుండా ఇరికించాడు. ఎస్.కోట దాటాక ఇంజన్ ఆపి పొట్లం తిప్పి పెట్టాం. అనంతగిరి దగ్గర విప్పితే నిమ్మ వాసన గుప్పుమంది, ముక్క వేలు తగలగానే పొరలు పొరలుగా విడిపోయింది, ఆ రుచి నేనింకా మర్చిపోలేదు.

స్టవ్ అయితే మంట మన చేతిలో ఉంటుంది, టీ, మ్యాగీ, ఉప్మా ఏదైనా అవుతుంది, ఇంజన్ మీద ఇవేం కుదరవు. కానీ కొండ మీద గాలికి మంట నిలవదు, ఎండు గడ్డి దగ్గర వెలిగించడం అసలు మంచిది కాదు.

ఇంజన్‌తో ఇబ్బంది ఏంటంటే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి 90 డిగ్రీల దగ్గరే, మానిఫోల్డ్ దానికంటే చాలా ఎక్కువ, కాబట్టి ఎక్కడ పెట్టామన్నదే అసలు విషయం, కొన్ని కార్లలో అక్కడికి చెయ్యే పట్టదు. ఫ్యాన్ బెల్టుకి, వైర్లకి దూరంగా పెట్టాలి. చికెన్ లోపల 74 డిగ్రీలు రావాలి, అందుకే చికెన్‌కి నేను స్టవ్వే అంటాను, చేపకి మాత్రం ఇంజనే.