ఆటపాక పక్షుల కేంద్రం: తొమ్మిదేళ్లుగా అన్ని కాలాల్లోనూ చూసిన అనుభవం

ఆకివీడులో స్థిరపడిన ఈ తొమ్మిదేళ్లలో కైకలూరు పక్కన కొల్లేరు సరస్సులో ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి ఏటా ఐదారుసార్లయినా వెళుతున్నాను. అది కార్తీకం నుంచి మాఘం వరకే చూడదగిన చోటని అందరూ అంటారు గానీ, ఆ మాటతో నేను ఏకీభవించను.

చలికాలపు గొప్పదనం కాదనలేనిది. మంచు విడవకముందే గట్టు మీదికి చేరితే, నీటిలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా చెట్ల మీదా గూళ్లు కట్టుకున్న గూడబాతులనూ (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలనూ తనివితీరా చూడవచ్చు. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప తినడాన్ని మొదటిసారి చూసినప్పుడు, తల్లే పిల్లను మింగేస్తోందని మా అమ్మాయి ఏడ్చేసింది. ఇప్పుడు అదే దృశ్యం కోసం ఆమె నాకంటే ముందు లేచి సిద్ధమవుతుంది.

అయితే కొల్లేరంటే ఏమిటో నాకు తెలిసింది వానాకాలంలోనే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులెన్నో వచ్చి కలుస్తాయి గానీ, ఆ నీరు సముద్రానికి చేరే దారి ఉప్పుటేరు ఒక్కటే కావడంతో, వరద రోజుల్లో మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. 1999లో దీనిని అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చడం ఎంత అవసరమో అప్పుడు ఆ గట్టు మీద నిలబడితే బోధపడుతుంది. వేసవిలో నీరు తగ్గి వాసన వేస్తుంది. అయినా ఎండ ముదరకముందే వెళ్తే, తేలిన బురదలో మేతకు దిగిన కొంగలు దగ్గరగానే కనిపిస్తాయి.

బైనాక్యులర్, తాగునీరు వెంట తీసుకెళ్లడం మంచిది. నేను వెళ్లిన రోజుల్లో మరుగుదొడ్లు చాలాసార్లు శుభ్రంగా లేవు. వృద్ధులను తీసుకెళ్లేవారు ఇది ముందే గమనించాలి. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు పడవ ఎక్కాలని పట్టుబట్టవద్దు. నన్ను నిజంగా బాధించేది ఆదివారాల గోల: ఫోటో కోసం చప్పట్లు కొట్టి పక్షులను లేపేవారిని చూశాను, అలా లేచిన తల్లి తిరిగి వచ్చేదాకా గూటిలోని పిల్లలు ఎండలోనే ఉండిపోతాయి. అందుకే మామూలు రోజుల్లోనే వెళ్లమని చెబుతాను. తీరిక ఉంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనం కూడా అదే రోజు చేసుకోవచ్చు. ఫాల్గుణంలో జాతర రోజుల్లో మాత్రం దారి పొడవునా రద్దీ ఉంటుంది.