కెరాంగ్ అరుస్తుంది, మోజో పలకరిస్తుంది

బ్రిటన్ సంగీత పత్రికలైన కెరాంగ్, మోజోల పాత సంచికలు కొన్ని ఇటీవల చేతికి రాగా, వాటిని పక్కపక్కన పరచి, లోపలి వ్యాసాల జోలికి పోకుండా ముఖచిత్రాలను మాత్రమే పరిశీలించాను. చాలా ఏళ్లపాటు ఈ రెండూ ఒకే సంస్థ నుంచి, మొదట ఎమాప్ నుంచీ తరువాత బావర్ నుంచీ వెలువడినవే అయినా, ఒకదాన్ని కొనే పాఠకుడు రెండోదాన్ని కొనడం అరుదనిపిస్తుంది. ఎవరిది ఏ పత్రికో అట్టమీదే తేలిపోతుంది.

కెరాంగ్ 1981 జూన్‌లో సౌండ్స్ అనే వారపత్రికకు అనుబంధంగా మొదలైంది. తొలి ముఖచిత్రం ఏసీ డీసీ బృందపు గిటారిస్టు ఆంగస్ యంగ్‌ది. గిటారు తీగలను బలంగా మీటితే పుట్టే మోతనే పేరుగా పెట్టుకుని, చివర ఆశ్చర్యార్థకం చేర్చి, పగిలిన అద్దంలా బీటలు వారిన అక్షరాలతో ఆ పేరును అచ్చువేయడం వల్ల, చదవకముందే చప్పుడు వినిపించినట్లవుతుంది. గాయకుడు సూటిగా మన కళ్లలోకి చూస్తుంటాడు. అతని చుట్టూ చిన్న ఫొటోలు, వాలుగా అతికించినట్లున్న పట్టీలు, లోపల పోస్టర్లున్నాయన్న చాటింపు. మొదటి చూపుకు ఇది గందరగోళమే. అయితే కచేరీ కరపత్రాలు ఒకదానిమీద ఒకటి అంటించిన గోడను గుర్తుచేసే ఈ కిక్కిరిసిన అమరిక, తన గదిగోడను కూడా అలాగే నింపుకోవాలనుకునే పదహారేళ్ల పాఠకుడి కోసం తెలిసి చేసినది. మన సినీ వారపత్రికల మధ్యపేజీ బొమ్మలను హాస్టలు గోడలకు అంటించినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. లోపమల్లా, పది బృందాల పేర్లను ఇరికించే తొందరలో కొన్ని అక్షరాలు ఫొటోల రంగులో కలిసిపోయి కనబడకుండా పోవడమే.

మోజో పద్ధతి వేరు. 1993లో వచ్చిన తొలి సంచిక అట్టపై బాబ్ డిలన్, జాన్ లెనన్ కనిపిస్తారు. లెనన్ మరణించి అప్పటికి పన్నెండేళ్లు దాటింది. కొత్త పత్రిక పాత ముఖాలతో బయలుదేరిందంటే, అది వెతుక్కుంటున్నది రికార్డులు కూడబెట్టుకునే నడివయసు శ్రోతనని స్పష్టమే. ఒకే పెద్ద చిత్రం, తరచు నలుపు తెలుపులలో, గాయకుడి యౌవనకాలపు ఫొటో. చుట్టూ ఊపిరి తీసుకునేంత ఖాళీ. ఆ ముఖంలో పాఠకుడు తన కాలేజీ రోజులను చూసుకుంటాడు. అట్టకు జతచేసే సీడీ కూడా ఇప్పటికీ డిస్కులు చేత్తో పట్టుకుని వినేవారికే ఆకర్షణ. డిజైను దృష్ట్యా నాకు నచ్చింది మోజోయే, కానీ తిరిగి తిరిగి అవే పది పన్నెండు ముఖాలు రావడం విసుగు పుట్టిస్తుంది. నాకు దొరికిన వాటిలో స్త్రీల ముఖాలు మరీ తక్కువ.

షెల్ఫులో దాచుకోవడానికైతే మోజోనే కొంటాను. అట్ట చేయవలసిన పనిని బట్టి మార్కులు వేయవలసి వస్తే మాత్రం కెరాంగ్‌కే ఒకటి ఎక్కువ వేస్తాను: నా దగ్గరున్న దాని సంచికలలో రెండింటికి మధ్య పిన్నులు వంగి ఉన్నాయి, పోస్టర్లు లేవు.