విశాఖలో సుసియా ఛాయాచిత్రాలు: ఒక ప్రదర్శన సమీక్ష

ద్వారకానగర్‌లోని ఒక చిన్న పఠన మందిరంలో, పాలస్తీనా పల్లెలకు తోడు నిలిచే ఇజ్రాయెలీ కార్యకర్తలపై ఛాయాచిత్ర ప్రదర్శన, ప్రసంగం జరుగుతున్నాయి. ప్రవేశ రుసుము 50 రూపాయలు. గదిలో గాలి ఆడదు, మైకు సగం మాటలను మింగేస్తుంది, అయినా వెళ్ళదగినదే.

ఇజ్రాయెల్ సైనిక ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లో హెబ్రాన్ నగరానికి దక్షిణాన ఉన్న కొండ పల్లెలకే ఎక్కువ చోటు దక్కింది. పురావస్తు స్థలమంటూ 1986లో సుసియా వాసులను వెళ్ళగొట్టడం, వారు పక్కనే తమ పొలాల్లో గుడారాలు వేసుకోవడం, అనుమతి లేదని వాటికీ కూల్చివేత ఉత్తర్వులు రావడం చిత్రాల కింది తెలుగు వ్యాఖ్యల్లో ఆవేశం లేకుండా ఉన్నాయి. 2000లో యూదులు, అరబ్బులు కలిసి ప్రారంభించిన తఆయుష్ బృందం వారు శనివారాల్లో వచ్చి గొర్రెల కాపరుల వెంట నడుస్తారు. సెటిలర్లో (ఆక్రమిత నేలపై కాలనీలు కట్టుకుని స్థిరపడిన ఇజ్రాయెలీలు) సైనికులో అడ్డగిస్తే కెమెరాలో నమోదు చేస్తారు. కరెంటు లేని గుడారాలకు సౌరఫలకాలు అమర్చిన కామెట్-ఎంఈ సంస్థను ఇద్దరు ఇజ్రాయెలీ భౌతికశాస్త్రవేత్తలు మొదలుపెట్టారన్న సంగతి నాకు కొత్త.

వక్త ఈ స్నేహాన్ని తీపి మాటల్లో ముంచలేదు. ఒకే కొండ మీద సెటిలర్‌కు ఇజ్రాయెల్ పౌర చట్టం, కాపరికి సైనిక చట్టం వర్తిస్తాయి గనుక, ఇద్దరినీ కలిపి పట్టుకుపోయినా కార్యకర్తకు ఎదురయ్యే కష్టమూ పల్లెవాసికి ఎదురయ్యే కష్టమూ సమానం కావని ఆయన నిక్కచ్చిగా చెప్పారు. అప్పుడు ఉక్కు కర్మాగారం కోసం ఊరు వదిలిన కుటుంబానికి చెందిన ఒక పెద్దాయన లేచి, "మాకు ఆర్ కార్డయినా చేతిలో పెట్టారండీ, వీళ్ళకేం పెట్టారు?" అని అడిగారు. ఆర్ కార్డంటే కర్మాగార నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస కార్డు. సైనిక శిక్షణా ప్రాంతంగా ప్రకటించేనాటికి అదే కొండల్లోని మసాఫర్ యట్టా పల్లెల వాసులు అక్కడ శాశ్వతంగా ఉన్నట్టు ఋజువు కాలేదంటూ, వెయ్యి మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించడానికి 2022 మే నెలలో ఇజ్రాయెల్ అత్యున్నత న్యాయస్థానం అడ్డు తొలగించిన తీర్పును వక్త జవాబుగా వివరించారు. నిర్వాహకులు చర్చను అక్కడే ఆపేశారు; నేనైతే మరికొంతసేపు సాగనిచ్చేవాణ్ణి.

లోపం ఆలివ్ కోతల దగ్గర కనిపించింది. అక్టోబరు, నవంబరు నెలల్లో 1988లో యూదు మతగురువులు స్థాపించిన రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్ వంటి సంస్థల కార్యకర్తలు రైతులతో కలిసి కాయలు కోసే పనికి రెండే చిత్రాలు కేటాయించారు. 2023 అక్టోబరు తర్వాత సెటిలర్ల దాడులకు తాళలేక కాపరి కుటుంబాలు ఊళ్ళు విడిచిన సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టడం మరీ అన్యాయం.

ప్రదర్శన మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులున్నవారు ముందుగా చెబితే కింది గదిలో తెర మీద చూపిస్తారు.