పరువు పోయేది ఒడ్డు దగ్గరే: భీమిలిలో చిన్న పడవల శిక్షణ

పెట్టిన డబ్బుకు న్యాయం చేసే తరగతి. ముందే చెప్పేస్తున్నాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, చిన్న పడవలు దింపడం, నడపడం నేర్పే రెండు రోజుల శిక్షణ వారాంతాల్లో జరుగుతోంది. మనిషికి 2,500 రూపాయలు, మధ్యాహ్న భోజనంతో కలిపి. నడిపేవాళ్లు ఇద్దరే. పేరు రాయవద్దని వాళ్లే కోరారు. ఇప్పుడు వస్తున్నవాళ్లకే పడవలు చాలడం లేదట.

నేను విశాఖ పోర్టులో లాంచీల మీద పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ తరగతి నా కోసం కాదు, మా అల్లుడి కోసం. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాడు, ముగ్గురు స్నేహితులతో కలిసి పన్నెండడుగుల ఫైబర్ పడవ ఒకటి, దానికి ఎవరో వాడి వదిలేసిన అవుట్‌బోర్డు (పడవ వెనక పలకకు బిగించే) ఇంజిను ఒకటి కొన్నాడు. నేర్పడానికి నేను ఉన్నాను కదా అంటారేమో. అల్లుడికి మామ నేర్పదగిన విద్య కాదిది. తాడు తప్పు కట్టావని నలుగురిలో ఒక్క మాటంటే చాలు, ఇంటికి వెళ్లాక మా అమ్మాయి మొహం ఒకలా ఉంటుంది, మా ఆవిడ మొహం మరొకలా ఉంటుంది. డబ్బు కట్టి బయటివాళ్లతో తిట్టించడమే మేలనిపించింది. నేనూ రుసుము కట్టి, ఏమీ తెలియనట్టు వెనక వరుసలో కూర్చున్నాను.

సముద్రం మధ్యలో మనిషి ఎంత తప్పు చేసినా చూసేవాడు ఉండడు. నవ్వులపాలయ్యేది ఒడ్డు నుంచి తొలి ముప్పై గజాల్లోనే: పడవను నీళ్లలోకి దింపేటప్పుడు, ఎక్కేటప్పుడు, తిరిగొచ్చి దిగేటప్పుడు. దెబ్బలు తగిలేదీ అక్కడే. అయినా పర్యాటకుల కోసం పడవలు నడిపే చోట్ల సాధారణంగా జరిగేదేమిటంటే, ఇద్దరు కుర్రాళ్లు పడవను కదలకుండా పట్టుకుంటారు, మనల్ని చెయ్యి పట్టి ఎక్కిస్తారు, నెడతారు, ఫొటో తీస్తారు, మళ్లీ లాగి దింపేస్తారు. తెడ్డు వేయడం వస్తుంది, పడవ మాత్రం చేతికి రాదు. ఇక్కడ మొదటి రోజు భోజనాల వేళ దాకా ఎవరికీ తెడ్డే ఇవ్వలేదు. అంతా ఇసుక మీద, మోకాలి లోతు నీళ్లలో. కొందరు సణిగారు. నాకు మాత్రం అప్పుడే నమ్మకం కుదిరింది.

నేర్పేవారిలో పెద్దాయనను అందరూ మాస్టారు అంటారు. భీమిలి మత్స్యకార కుటుంబం, నడివయసు దాటిన మనిషి, గొంతు పెద్దది, ఓపిక అంతకన్నా పెద్దది. ఆయన పద్ధతి ఏమిటంటే తప్పును ముందుగా చెప్పరు, జరగనిస్తారు.

పడవ వెనక పలక అడుగున, లోపల చేరిన నీళ్లు పోవడానికి ఒక రంధ్రం, దానికి ఒక బిరడా ఉంటాయి. ఒడ్డున ఉన్నప్పుడు వాన నీళ్లు నిలవకుండా బిరడా తీసి ఉంచుతారు. మాస్టారు ఈ సంగతి ఎత్తకుండానే, ఒక పొడవాటి తాడు కట్టి, మా అల్లుడి జట్టును పడవ మోసుకెళ్లి నదిలో దింపమన్నారు. దింపారు, ఎక్కారు, ఫొటో కూడా అయింది. కాసేపటికి ఒకతను కాళ్ల దగ్గర తడి చూసి, ఎక్కేటప్పుడు చిందిన నీళ్లన్నాడు. చీలమండలు మునిగాక, పడవకు బీట పడిందని అందరూ తేల్చారు. మా అల్లుడు మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతులతో అడుగంతా తడుముతూ బీట కోసం వెతికాడు. వెనక మూలన వేలు దూరేంత రంధ్రంలోంచి నీళ్లు నింపాదిగా ఉబుకుతూనే ఉన్నాయి. దాని ముందు పెట్రోలు డబ్బా ఉంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. తలెత్తి చూస్తే మాస్టారు ఒడ్డున నిలబడి, జేబులోంచి తీసిన బిరడాను గాలిలోకి ఎగరేసి పట్టుకుంటున్నారు.

తర్వాత ఉపాయం చెప్పారు. ఇంజినును అత్యవసరంగా ఆపడానికి ఒక ఎర్ర తాడు ఉంటుంది, దాన్ని నడిపేవాడు మణికట్టుకు తగిలించుకోవాలి. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజిను ఆగిపోతుంది. ఒడ్డున ఉన్నంతసేపూ బిరడాను ఆ తాడుకే కట్టి ఉంచమన్నారు. తాడు తగిలించనిదే ఇంజిను మొదలవదు, తాడు కోసం చెయ్యి చాపితే బిరడా చేతికి తగులుతుంది. పోర్టులో అన్నేళ్లు ఉన్నా నేను వినని చిట్కా ఇది, ఒప్పుకోవలసిందే.

లైఫ్ జాకెట్ సంగతి త్వరగా తేల్చారు, బాగా తేల్చారు. పట్టీలన్నీ బిగించాక పక్కవాడు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి; జాకెట్ గడ్డం దాటి పైకి వచ్చిందంటే సరిపోలేదని అర్థం. ఒక లావుపాటి ఆయన ఫొటోలో పొట్ట కనిపిస్తుందని పట్టీలు వదులు చేసుకున్నాడు. నడుంలోతు నీళ్లలో కూర్చోబెట్టగానే జాకెట్ పైకి తేలి, తల లోపలికి లాక్కున్న తాబేలులా తయారయ్యాడు. మళ్లీ ఎవరూ పట్టీల జోలికి పోలేదు.

ఎక్కడంలో కూడా ఇంతే. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని సామెతగా వింటూనే ఉంటాం కానీ, ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి ఆలోచిస్తూ నిలబడేవాళ్లను ఆ రోజు కళ్లారా చూశాం. పడవ మెల్లగా జరుగుతుంది, కాళ్ల మధ్య దూరం పెరుగుతుంది, మనిషి మొహంలో జ్ఞానం ఉదయించేసరికి ఆలస్యమైపోతుంది. వంగి, పడవ అంచులు రెండూ చేతులతో పట్టుకుని, బరువు నడిమధ్యలో వేస్తూ ఒక్క ఊపులో కూర్చోవాలి. అంచు మీద కాలు పెట్టకూడదు. అంతే విషయం.

ఇంజిను పాఠం దగ్గర మా అల్లుడి వంతు మళ్లీ వచ్చింది. తాడు లాగాడు, ఇంజిను అందుకుంది, గర్వంగా నా వైపు చూశాడు. నాలుగైదు నిమిషాలకే దగ్గి ఆగిపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ అదే తంతు. స్పార్క్ ప్లగ్ విప్పాడు, తుడిచాడు, ఊదాడు. ఫోనులో వీడియో వెతకడం మొదలుపెట్టాడు. మాస్టారు పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బుడ్డిని చూపించి, "ఇది నొక్కండి బాబూ" అన్నారు. అది అప్పటికే చప్పగా నొక్కుకుపోయి ఉంది. డబ్బా మూత మీద గాలి లోపలికి వెళ్లే చిన్న మర ఉంటుంది. అది బిగించి ఉంటే పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ డబ్బాలో గాలి పలచబడి, ఇంధనం రావడం మానేస్తుంది. రెండు చుట్లు తిప్పితే సరిపోయే పనికి ఇంజినంతా విప్పబోయాడు. "మీకు ముందే తెలుసా మావయ్య గారూ?" అని అడిగాడు. చెవిలో గాలి హోరుగా ఉంది, వినపడలేదన్నాను.

ఇంకొన్ని సంగతులు అక్కడే తెలిశాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టకుండా తాడు లాగకూడదు. నీళ్లు లేకుండా ఇంజిను నడిపి చూడకూడదు. చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి. ఇంజిను వెనక నుంచి సన్నటి నీటి ధార పడుతోందో లేదో చూసుకోవాలి. ఉప్పునీళ్లలో తిరిగొచ్చాక మంచినీటితో లోపలంతా కడగాలి. ఇవన్నీ ఇంజినుతో వచ్చే పుస్తకంలో ఉంటాయి, నిజమే. ఆ పుస్తకం చదివినవాణ్ణి నేనింకా కలవలేదు.

తాళ్ల పాఠానికి నేను తొంభై మార్కులు వేస్తాను. రేవులో కట్టిన తాడు విప్పకుండానే ఇంజిను పూర్తిగా పెంచి, "ప్రవాహం బలంగా ఉంది" అన్న జట్టు ఒకటి. లంగరు ఎత్తి వీరావేశంతో విసిరిన జట్టు ఇంకొకటి. లంగరు వెనకే తాడు మొత్తం జరజరా వెళ్లిపోయింది, రెండో కొస పడవకు కట్టనేలేదు. మాస్టారు దానికి ముందే ఒక తేలే ప్లాస్టిక్ డబ్బా కట్టి ఉంచారు కాబట్టి దొరికింది. లంగరు పడవ ముక్కు నుంచే వేయాలని, వెనక నుంచి వేస్తే కెరటం బల్లపరుపుగా ఉన్న వెనక పలక మీదుగా లోపలికి వచ్చేస్తుందని, తాడు లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు వదలాలని బాగా వివరించారు. పది మార్కులు ఎందుకు తగ్గించానంటే, తేలిగ్గా విప్పుకోగలిగే ముడి ఒక్కటే నేర్పి సరిపెట్టారు. బిగుసుకోని ఉచ్చుముడి కూడా నేర్పాలి.

రెండో రోజు ఉదయం అసలు సిసలైన పరీక్ష, సముద్రం వైపు. మన విశాఖ తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, కెరటం దూరాన విరగదు, వచ్చి కాళ్ల దగ్గరే పడుతుంది. ఒకప్పుడు భీమిలి ఓడరేవుగా ఉన్న రోజుల్లో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, సరుకు ఒడ్డుకు చేర్చింది కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు. మేకులు కొట్టిన పడవ ఈ దెబ్బలకు పగులుతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. మాస్టారు ఇది చెప్పి, "పడవ వంగకపోతే మీరే వంగాలి" అని పని మొదలుపెట్టారు.

ముందు అందరినీ ఇసుక మీద కూర్చోబెట్టి కెరటాలు చూడమన్నారు. పెద్దవి కొన్ని వరసగా వస్తాయి, తర్వాత కాస్త తెరిపి ఉంటుంది. ఆ తెరిపిలోనే కదలాలి, కదిలాక ఆగకూడదు. పడవ ముక్కు కెరటానికి ఎదురుగా ఉండాలి. కొంచెం అడ్డం తిరిగినా దొర్లిస్తుంది. అన్నింటికన్నా గట్టిగా, గొంతు పోయేలా చెప్పింది ఒకటి: పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడవద్దు. నీళ్లు నిండిన పడవను కెరటం మీ మోకాళ్ల మీదికి విసిరితే ఆపే శక్తి ఎవరికీ లేదు. తిరిగొచ్చేటప్పుడు ఇంజినును ముందే పైకి వాల్చాలి, లేకపోతే పంకా ఇసుకలో దిగబడుతుంది. పడవ ముందు నుంచి దూకి దాన్ని ఆపబోయే హీరోలను ఆయన అక్కడికక్కడే వెనక్కి పంపించేశారు.

మా జట్టులో ఒకమ్మాయి, ఏదో బ్యాంకులో పనిచేస్తుందట, తొలి ప్రయత్నంలోనే పడవను తిన్నగా దాటించింది. బలమంతా పెట్టి నెట్టినవాళ్లు మాత్రం అడ్డంగా తిరిగి తడిసి ముద్దయ్యారు. మా అల్లుడు రెండో వర్గం.

వాతావరణం గురించి చెప్పింది తక్కువే కానీ పనికొచ్చేది. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు నీళ్లు అద్దంలా కనిపించి గాలి నింపే రబ్బరు పడవలవాళ్లను ఊరిస్తాయి, వెళ్లాక తిరిగి రానివ్వవు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత సముద్ర సమాచార సేవల కేంద్రం) రోజూ ఇచ్చే సముద్ర స్థితి సూచనలు చూడమన్నారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని మన సముద్రం సంగతి చెబుతారు, అయినా నమ్మదగినవే. తీర రక్షక దళం సహాయ సంఖ్య 1554 అందరి ఫోన్లలోనూ అక్కడికక్కడే ఎక్కించారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి సముద్రం ఖాళీగా ఉంటుందని కొందరు అప్పుడు పడవలు దింపుతారట. ఖాళీగా ఉంటే ఆదుకోవడానికి దగ్గరలో ఇంకో పడవ కూడా ఉండదు, అది ఆలోచించరు. వానాకాలంలో సముద్రపు పాఠం ఆపేసి నదిలోనే నేర్పుతారు.

ఇక లోపాలు. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి ఉన్నది ఒక టార్పాలిన్ మాత్రమే, దానికీ ఒక పక్క గాలికి ఎగురుతోంది. ఇంత రుసుము తీసుకుని ఇది క్షమించరానిది. చేతికిచ్చిన కాగితం మొత్తం ఇంగ్లిషులో ఉంది. నోటితో అంత చక్కటి తెలుగులో చెప్పినవాళ్లు కాగితం మీద ఎందుకు మొహమాటపడ్డారో తెలియదు. చిన్నసైజు జాకెట్లు తక్కువ. రెండో శిక్షకుడు కుర్రాడు, పని తెలిసినవాడే, కానీ చూపు ఫోను మీద. పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు కూడా ఫోను తీశాడు, నేను వెళ్లి చెప్పాల్సి వచ్చింది. అతను నాకు అల్లుడు కాదు కాబట్టి గట్టిగానే చెప్పాను. భోజనం రెండు రోజులూ ఆలస్యం. అన్నం, వంజరం పులుసు వచ్చాక మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

సరదాగా ఒక గంట నీళ్లలో తిరిగి ఫొటోలు దిగాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు, రుషికొండ వెళ్లండి. సొంత పడవ కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు మాత్రం పడవకన్నా ముందు దీనికి డబ్బు కట్టండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి, మామూలు చెప్పులు తొలి కెరటానికే పోతాయి. కళ్లజోడుకు తాడు కట్టుకోండి. పొడి బట్టలు కారులోనే ఉంచండి. ఆదివారం ఆ దారిలో రద్దీ ఎక్కువ, తెల్లవారకముందే బయలుదేరండి. బుక్ చేసే ముందు ఒక్క సంగతి అడగండి: ఆ వారం మాస్టారు ఉంటారా, లేదా? లేరంటే మరుసటి వారానికి వాయిదా వేసుకోండి.