రాజోలు జిరాక్స్ షాపులో లినక్స్ మింట్: ఫోల్డర్ నొక్కితే పాటలు వస్తే ఏం చేయాలి?

మాది రాజోలులో జిరాక్స్, నెట్ సెంటర్. 2020 జనవరి 14న విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయాక, కొత్త సిస్టమ్ కొనే బదులు పాతదానికే ఒక ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) తగిలించి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, అందులో సినమన్ అనే డెస్క్‌టాప్ రకం ఎక్కించాం. 19.3 వెర్షన్‌తో మొదలైంది, ఇప్పుడు 22 నడుస్తోంది. పొద్దున షట్టర్ తీసిన దగ్గర్నుంచి రాత్రి కట్టేసేదాకా కౌంటర్ మీద పనంతా దానిమీదే.

త్వరగా ఆన్ అవుతుంది, వైరస్ గొడవ తక్కువ, డబ్బు కట్టక్కర్లేదు. మింట్ గురించి ఎవరు రాసినా ఇవే రాస్తారు, నిజమే కూడా. నేను రాయాలనుకున్నది వేరే. ఇన్నేళ్ళలో ఈ సిస్టమ్ మమ్మల్ని కస్టమర్ల ముందు బాగా ఇబ్బంది పెట్టింది ఒక్క విషయంలో: ఫోల్డర్ నొక్కితే ఫోల్డర్ తెరుచుకోకపోవడం. మింట్ మీద నాకు నమ్మకం కుదిరింది కూడా దాన్ని సరిచేశాకే.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు వాట్సాప్‌లో పంపుతారు, కొందరు పెన్‌డ్రైవ్ చేతికిస్తారు. పెన్‌డ్రైవ్ పెట్టాక స్క్రీన్ కింద ప్యానెల్ అనే పట్టీలో వచ్చే బొమ్మ నొక్కితే అందులోని ఫైళ్ళు కనబడాలి. అలాంటిది పాటల ప్లేయర్ తెరుచుకోవడం మొదలైంది. పాసుపుస్తకం ప్రింటు కోసం శివకోడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పెన్‌డ్రైవ్‌లో ఉన్న భక్తి పాటలన్నీ వరసగా ఎక్కించుకుని మోగించేసింది. "ఆయ్, కాయితం తియ్యమంటే పాటలెట్టేసిందేటండీ ఇది!" అని ఆయన నవ్వేశారు. మెనూలోంచి డౌన్‌లోడ్స్ నొక్కినప్పుడు జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. ఎవరో కాపీ చేయించుకున్న కాల్ రికార్డింగ్ ఆ ఫోల్డర్‌లో ఉండిపోయింది. షాపు నిండా జనం ఉండగా అది గట్టిగా మోగింది. ఫోల్డర్ సమస్యని చిన్నదిగా తీసిపారేయకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

విచిత్రం ఏమిటంటే జబ్బు సగమే కనబడుతుంది. ఫైళ్ళు, ఫోల్డర్లు చూపించే ఫైల్ మేనేజర్ లోపల ఏ ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేసినా మామూలుగానే తెరుచుకుంటుంది. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ పక్కనుండే ఫోల్డర్ బొమ్మ నొక్కినా బాగానే ఉంటుంది. ప్యానెల్‌లోంచీ మెనూలోంచీ వెళ్తేనే తేడా. అందుకే చూసినవాళ్ళు ముందు పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉందంటారు, తర్వాత ఫార్మాట్ కొట్టేయమంటారు. రెండూ అక్కర్లేదు.

లోపల జరిగేది ఇదీ. లినక్స్‌లో ప్రతి ఫైలుకీ మైమ్ టైప్ అని ఒక రకం ఉంటుంది. పీడీఎఫ్‌కి ఒకటి, ఫొటోకి ఒకటి. ఫోల్డర్ కూడా ఆ లెక్కలో ఒక రకమే, దాని పేరు 'ఐనోడ్/డైరెక్టరీ'. ప్రతి ప్రోగ్రామూ తనతోపాటు డెస్క్‌టాప్ ఫైలు అని ఒక చిన్న ఫైలు తెచ్చుకుంటుంది. తాను ఏయే రకాలు తెరవగలదో అందులో రాసుకుంటుంది. పాటల ప్లేయర్ ఒక ఆల్బమ్ ఫోల్డర్ మొత్తాన్ని తీసుకోగలదు కాబట్టి ఫోల్డర్‌నీ రాసుకుంటుంది. కోడ్ ఎడిటర్లు, డిస్క్‌లో జాగా ఎంత నిండిందో చూపించే అనలైజర్ లాంటివీ అంతే. అవి అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే తెరవగలవు. ఫోల్డర్‌కి డిఫాల్ట్, అంటే నొక్కగానే తెరుచుకోవాల్సిన ప్రోగ్రామ్, ఏదో తేల్చి రాసి లేకపోతే వీటిలో ఏదైనా ముందుకు రావచ్చు. లేదా ఎవరైనా ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్'లోకి వెళ్ళి, వేరే ప్రోగ్రామ్ ఎంచుకుని డిఫాల్ట్‌గా పెట్టేస్తారు. మా షాపులో జరిగింది ఈ రెండోదే. సాయంత్రాలు పనికొచ్చే కుర్రాడు పాటలు పెట్టుకోవడానికి ఆ బటన్ నొక్కాడు.

ఫైల్ మేనేజర్ లోపల ఉన్నప్పుడు అది ఫోల్డర్‌ని ఎవరినీ అడక్కుండా తనే తెరిచేస్తుంది. ప్యానెల్, మెనూ మాత్రం డిఫాల్ట్ ఎవరని అడిగి వాళ్ళకి అప్పజెబుతాయి. తేడా అక్కడే వస్తుంది.

సరిచేయడం చాలా తేలిక. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ కిటికీ తెరిచి 'ఎక్స్‌డీజీ-మైమ్ క్వెరీ డిఫాల్ట్ ఐనోడ్/డైరెక్టరీ' (xdg-mime query default inode/directory) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ప్రస్తుతం ఫోల్డర్లు ఎవరి చేతిలో ఉన్నాయో చెబుతుంది. మాకు ఆ ప్లేయర్ పేరే వచ్చింది. తర్వాత 'ఎక్స్‌డీజీ-మైమ్ డిఫాల్ట్ నెమో.డెస్క్‌టాప్ ఐనోడ్/డైరెక్టరీ' (xdg-mime default nemo.desktop inode/directory) అని కొట్టాలి. నెమో అంటే సినమన్‌లో వచ్చే ఫైల్ మేనేజర్. పాస్‌వర్డ్ అడగదు, రీస్టార్ట్ అక్కర్లేదు. సినమన్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ (Xfce) డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి తునార్, మాటే (MATE) డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి కాజా అనే ఫైల్ మేనేజర్లు ఉంటాయి. వాటి డెస్క్‌టాప్ ఫైలు పేరు 'యూఎస్ఆర్/షేర్/అప్లికేషన్స్'లో ఎలా ఉందో చూసి అలాగే కొట్టాలి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడా వచ్చినా పనిచేయదు.

ఈ ఆదేశం చేసేది మన హోమ్‌లో (మన ఎకౌంట్ ఫైళ్ళుండే ఫోల్డర్‌లో) దాగి ఉండే 'కాన్ఫిగ్' (.config) ఫోల్డర్‌లోని 'మైమ్‌యాప్స్.లిస్ట్' (mimeapps.list) అనే ఫైలులో ఒక వరస రాయడమే. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి కళ్ళతో చదువుకోవచ్చు, చేత్తో మార్చుకోవచ్చు. అదే ఫోల్డర్‌లో డెస్క్‌టాప్ పేరుతో మొదలయ్యే మరో మైమ్‌యాప్స్ ఫైలు ఉంటే దాని మాటే ముందు చెల్లుతుంది. మార్చినా మారకపోతే అక్కడ చూడండి. ఒక హెచ్చరిక: సిస్టమ్‌ని పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్‌లో వెనక్కి వెళ్తే సరిపోతుందని కొందరంటారు. మామూలుగా టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్ళనే కాపీ తీసి ఉంచుతుంది, హోమ్‌ని వదిలేస్తుంది. ఈ సెట్టింగ్ ఉండేది హోమ్‌లో, కాబట్టి వెనక్కి వెళ్ళినా మార్పు ఉండదు.

ఫైలు హోమ్‌లో ఉండటం మాకు ఇంకోరకంగా మేలైంది. ఎవరి ఎకౌంట్‌కి వాళ్ళ ఫైలు. కుర్రాడికి వేరే ఎకౌంట్ తెరిచి ఇచ్చాం, అతను ఏం నొక్కుకున్నా కౌంటర్ పని చెడదు. వెర్షన్లు మారినా ఆ వరస అలాగే ఉంది.

కొన్నాళ్ళకి దీని తమ్ముడు లాంటి సమస్య ఇంకోటి వచ్చింది. ఫొటోల పేర్లు ఒకేసారి మార్చడానికి తునార్ కూడా వేశాం. అప్పట్నుంచి బ్రౌజర్‌లో ఫోల్డర్ బొమ్మ నొక్కితే తునార్, ప్యానెల్‌లో నొక్కితే నెమో. పైన చెప్పిన ఆదేశంతో ఇది లొంగదు. బ్రౌజర్లు ముందు మైమ్ జాబితాని అడగవు. డీబస్ అనే లోపలి వ్యవస్థ ద్వారా 'ఫైల్ మేనేజర్ ఎవరున్నారు?' అని పిలుస్తాయి. నెమో, తునార్ రెండూ పలకడానికి పేరు రాయించుకున్నవే. లంకకి రెండు రేవులుంటే ఒక రేవులో పడవ బాగుచేసినంత మాత్రాన రెండో రేవులో నిలబడ్డవాడికి ఒరిగేదేం లేదు కదా, ఇదీ అంతే. పేర్లు మార్చడానికి మింట్ 20.2 నుంచి బల్కీ అనే పరికరం దానితోపాటే వస్తోంది. అది బాగానే ఉంది, తునార్ తీసేశాం, గొడవ పోయింది. రెండూ కావాలనుకునేవాళ్ళు హోమ్‌లోని డీబస్ సర్వీసుల ఫోల్డర్‌లో సొంతంగా ఒక ఫైలు రాసుకోవచ్చు. నా సలహా అయితే ఒక సిస్టమ్‌కి ఒకే ఫైల్ మేనేజర్.

ఇది లినక్స్ జబ్బే అనుకోకండి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఫోల్డర్ నొక్కితే సెర్చ్ కిటికీ తెరుచుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అక్కడ విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో డైరెక్టరీ కింద షెల్ అనే చోటికి వెళ్ళి డిఫాల్ట్ విలువ మార్చాలి. రిజిస్ట్రీ తెరవాలంటే ఇప్పటికీ నాకు టెన్షనే. ఇక్కడ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు, చెడితే ఆ వరస చెరిపేస్తే సరి. మింట్‌కి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇందుకే. తక్కువ వేసేది, 'ఓపెన్ విత్' కిటికీలో ఫోల్డర్‌కి కూడా పాటల ప్లేయర్‌ని డిఫాల్ట్ చేయనిచ్చినందుకు. "ఇక మీద ఫోల్డర్లన్నీ ఇందులోనే తెరుచుకుంటాయి, సరేనా?" అని ఒక్క మాట అడిగితే ఏం పోయింది?

మిగతావి టూకీగా. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊరు, తుపాను హెచ్చరిక ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఇన్వర్టర్ అందుకోలేక సిస్టమ్ ఠపీమని ఆగిన రోజులున్నాయి, ఫైల్ సిస్టమ్ మాత్రం ప్రతిసారీ తేరుకుంది. ఉప్పుగాలికి క్యాబినెట్ స్క్రూలు తుప్పు పడితే అది మింట్ తప్పు కాదు. తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే టైపింగ్ పరికరంలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డు వరసలు మూడూ దొరుకుతాయి. అర్జీలు, అగ్రిమెంట్లు యూనికోడ్‌లో (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతిలో) హాయిగా కొట్టేస్తున్నాం. అంతర్వేది తీర్థం రోజుల్లో రద్దీ ఎంత ఉన్నా ప్రింటర్ క్యూ ఆగలేదు.

శుభలేఖల పని మాత్రం దీనిమీద అవ్వదు. మా వైపు ప్రెస్సులన్నీ ఇంకా పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే విండోస్ ప్రోగ్రామ్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత చిన్న అప్‌డేట్లు తప్ప కొత్త వెర్షనే లేదు, అయినా పెళ్ళిళ్ళ సీజన్ దానిమీదే నడుస్తుంది. అను యూనికోడ్ కాదు కాబట్టి, ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు బదులు ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. వేలిముద్ర పరికరానికి కూడా మాకు విండోస్ డ్రైవరే ఇచ్చారు. ఈ రెండు పనులకీ పక్క బల్ల మీద ఒక విండోస్ సిస్టమ్ ఉంచాం. మీ షాపులో రాబడి ఎక్కువగా శుభలేఖల మీదే అయితే ఉన్న ఒక్క సిస్టమ్‌నీ మింట్‌కి మార్చేయకండి.