శ్రీశైలం పోతూ దాటేసే అమ్రాబాద్ గుట్టలు: ఎక్కడ నడవాలి, ఎక్కడ ఉండాలి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో మన్ననూర్ ఘాట్ ఎక్కాక చాలామందికి ఒకటే ధ్యాస, రాత్రి తొమ్మిదికి అడవి గేటు పడేలోపు శ్రీశైలం వైపు ఉన్న దోమలపెంట దాటేయాలని. ఆ తొందరలో ఏం వదిలేసి పోతున్నారో వాళ్లకు తెలియదు. ఆ రోడ్డుకు రెండు వైపులా ఉన్నది నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి, మొన్నటిదాకా మన పాలమూరు, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైనే ఉంటుంది కాబట్టి కల్వకుర్తి దగ్గర చెమటలు కారుతున్నా ఇక్కడ సాయంత్రానికి గాలి మారిపోతుంది. ఈసారి దర్శనం పెట్టుకోకుండా కేవలం ఈ గుట్టల కోసమే దేవరకొండ నుంచి డిండి, హాజీపూర్ చౌరస్తా మీదుగా పోయాం, నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, మా బాబాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది ఉమామహేశ్వరం. రంగాపూర్ దగ్గర గుట్ట కింద భోగమహేశ్వరం ఉంటుంది, అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో బండి పైదాకా పోతుంది, ఆ తర్వాత నడక. నడక అంటే కష్టమైనదేం కాదు, బాబాయి లాంటి మోకాళ్ల నొప్పుల మనిషి కూడా ఆగి ఆగి వచ్చేశాడు. ఒక పక్క నెత్తి మీదికి వంగిన పెద్ద రాతి చరియ, ఇంకో పక్క గుట్ట అంచు, కింద చెరువులు, వేరుశనగ చేలు, ఎంత దూరం చూస్తే అంత దూరం. గుడి కూడా ఆ చరియ కిందనే. అక్కడే పాపనాశనం అనే ఊట దగ్గర రాతిలోంచి నీళ్లు కారుతుంటాయి. గుట్ట పైన ఏరు లేదు, చెరువు లేదు, మరి ఈ నీళ్లెక్కడివని మా పెద్దోడు అడిగాడు. ఈ గుట్టలన్నీ క్వార్ట్‌జైట్ రాయి, అంటే బాగా గట్టిపడ్డ ఇసుకరాయి, పొర మీద పొర పేర్చినట్టు ఉంటుంది, పైన పడ్డ వాన పగుళ్లలోంచి దిగి దిగి, ఇక దిగలేని పొర దగ్గర పక్కకు తిరిగి గుట్ట అంచున ఊటగా బయటపడుతుంది. నల్లమలలో లొద్ది మల్లయ్య దగ్గరైనా, సలేశ్వరం దగ్గరైనా దేవుడు నీటి పక్కనే ఎందుకు ఉన్నాడో అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

కారులో వచ్చి దండం పెట్టుకుని పోతే సగమే చూసినట్టు. మన్ననూర్ వైపు నుంచి గుట్ట మీదుగా ఉమామహేశ్వరానికి నడిచే దారి ఉంది, అటవీశాఖ వాళ్ల గైడుతోనే పోవాలి, ఒంటరిగా పోకూడదు, ఇది పులుల అభయారణ్యం. మాతో వచ్చింది చెంచు కుర్రాడు. వానలు వెళ్లిపోయిన కొత్త కాబట్టి బోదగడ్డి కొన్నిచోట్ల మనిషెత్తు ఉంది, అది దాటితే నల్లమద్ది, తునికి, వెదురు, మళ్లీ ఒక్కసారిగా చెట్టు లేని బండ నేల. నడుస్తూ నడుస్తూ ఒక ఇప్పచెట్టు కింద ఆగి, "అన్నా, ఎండాకాలం తెల్లారుజామున ఇటు రావద్దు, పువ్వు రాలుతది, ఎలుగు వస్తది" అన్నాడు. చెట్టు బెరడు మీద గీతలు చూపించాడు, పాతవే అయినా మా ఆవిడ పిల్లల చేతులు వదల్లేదు. ఏ చెట్టుకు తేనెపట్టు పడుతుందో, దుప్పి ఎందుకు అరిచిందో ఆ కుర్రాడు చెబుతుంటే వినడమే ఈ నడకలో అసలు సంగతి. బాబాయిని మాత్రం దీనికి తీసుకుపోలేదు, ఎగుడుదిగుడు రాళ్ల మీద చాలాసేపు నడవాలి, ఆయన కారులో వచ్చి గుడి దగ్గర కలిశాడు.

అడవి లోపల ఉన్న ఫర్హాబాద్‌కు సఫారీ బండిలోనే పోవాలి, సొంత వాహనాలు లోపలికి పంపరు. పులి కనిపిస్తుందని పిల్లలకు ఆశ పెట్టి తీసుకుపోకండి, ఇది రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటిన అడవి, పులికి మన కళ్లపడాల్సిన అవసరం ఏమీ లేదు. మాకు దుప్పులు, ఒక మనుబోతు, నెమళ్లు కనిపించాయి. ఇక్కడికి రావాల్సింది వ్యూ పాయింట్ కోసం. పీఠభూమి అక్కడ ఒక్కసారిగా తెగిపోతుంది, కింద మైదానం పరుచుకుని ఉంటుంది. నిజాం కాలంలో వేటకు వచ్చి విడిది చేసిన చోటు ఇది. ఉదయం మొదటి ట్రిప్పు తీసుకోండి, మధ్యాహ్నం ఎండకు జంతువులు నీడకు పోతాయి, దూరం కూడా మసకబారుతుంది. వానాకాలంలో సఫారీ ఆపేస్తారు, జులై నుంచి సెప్టెంబర్ దాకా ప్లాన్ వేసుకోవద్దు.

మల్లెల తీర్థం జలపాతం గురించి రెండు రకాలుగా వింటుంటాం, ఒకరు స్వర్గం అంటారు, ఇంకొకరు పైసలు దండగ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఎవరు ఏ నెలలో పోయారన్నదే తేడా. వటువర్లపల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోయి, మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. అక్టోబర్, నవంబర్‌లో నీళ్లు నిండుగా దూకుతాయి, ఏప్రిల్‌లో సన్నటి ధార. దిగడం సులువు, ఎక్కేటప్పుడే తెలుస్తుంది, కాబట్టి పెద్దవాళ్లను పైన నీడలో కూర్చోబెట్టండి. గుండం దగ్గర రాళ్లు పాచి పట్టి చాలా జారుతాయి, ఫొటో కోసం అంచుకు పోవద్దని ఎవరి పిల్లలకైనా గట్టిగా చెప్పాల్సిందే. దారి తెరిచారో లేదో మన్ననూర్ చెక్‌పోస్టులో అడిగి పొండి. దోమలపెంటకు ముందు వచ్చే ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన కృష్ణ నీళ్లు కొండల మధ్య పాయలుగా చీలి కనిపిస్తాయి, బాగుంటుంది, అరగంట చాలు.

ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది. అమ్రాబాద్ ఊరి వైపు తిరిగితే చుక్కల చుక్కల ఆవులు, ఎద్దులు మందలుగా కనిపిస్తాయి. అవి పొడ తూర్పు పశువులు, ఈ గుట్టల సొంత జాతి, 2020లో జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా గుర్తింపు వచ్చింది. బండ నేల మీద, తక్కువ నీళ్లతో, ఎండకు తట్టుకుని పని చేస్తాయని మా వైపు రైతులు కూడా ఒకప్పుడు వీటి కోసం ఇక్కడికి వచ్చేవాళ్లని బాబాయి చెప్పాడు. సఫారీ కంటే ఆయనకు ఆ మంద దగ్గర నిలబడటమే ఎక్కువ సంతోషం అనిపించింది, కాపరితో కూర్చుని పళ్లు, కొమ్ములు, ధరలు అన్నీ మాట్లాడుకున్నారు.

ఉండటానికి అచ్చంపేటలో లాడ్జీలు చవక, తిండికి ఇబ్బంది లేదు. కానీ మేం దిగినచోట రాత్రంతా కింద లారీల మోత, పొద్దున వేడినీళ్లు అడిగితే గంట తర్వాత వచ్చాయి, ఆలోగా ఘాట్ మీద మంచు కాస్తా విడిపోయింది. ఈగలపెంట వైపు గదులు డ్యామ్ చూడాలనుకునేవాళ్లకు సరే, నడకలకు మాత్రం దూరం. మన్ననూర్‌లో అటవీశాఖ కాటేజీలే నా ఓటు, గది, సఫారీ, నడక కలిపి ప్యాకేజీగా ఇస్తారు, శుభ్రంగా ఉన్నాయి, భోజనం సాదాగా, వేడిగా పెట్టారు. శని, ఆదివారాలకు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోకపోతే దొరకవు. కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి.

కారు లేనివాళ్లు హైదరాబాద్ నుంచి శ్రీశైలం బస్సెక్కి మన్ననూర్‌లో దిగొచ్చు. పెట్రోల్ ఘాట్ ఎక్కకముందే పోయించుకోండి, లోపలికి పోయేకొద్దీ ఫోన్ సిగ్నల్ పోతుంది. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు వద్దు, స్టీలు సీసాల్లో నీళ్లు తెచ్చుకోండి. కోతులకు ఏమీ పెట్టకండి, అలా పెట్టబట్టే అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

ఇంకో మాట. ఈ క్వార్ట్‌జైట్ పొరలు కింద గ్రానైట్‌ను కలిసేచోటే యురేనియం ఉంటుంది. మా నల్గొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల్ పేర్లు అందుకే విన్నాం. ఇక్కడ కూడా తవ్వుతారన్నప్పుడు అమ్రాబాద్, పదర ఊళ్ల జనం, చెంచులు రోడ్డెక్కారు, 2019 సెప్టెంబర్‌లో రాష్ట్ర అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. ఉమామహేశ్వరంలో ఆ ఊటనీళ్లు దోసిట్లో పట్టుకున్నాక వాళ్లు దేనికోసం కొట్లాడారో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

సలేశ్వరం మిగిలింది. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లోనే లోపలికి వదులుతారు, లోయలోకి రాళ్ల మీద దిగాలి, జనం తోపులాట ఎక్కువ, చిన్నపిల్లలతో వద్దు. వచ్చే చైత్రానికి నేనూ, మా బావమరదీ పోదామనుకుంటున్నాం, లింగాల వైపు నుంచి నడిచి పోయినవాళ్లు ఎవరైనా ఉంటే నీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతాయో చెప్పండి.