ఇంటి వడ్రంగానికి సాహార్స్: చెక్క, ప్లైవుడ్, ఇనుము – ఏది మేలు?

ఇంట్లో వడ్రంగం మొదలుపెట్టేవారి కొనుగోళ్ల పట్టికలో డ్రిల్లు ఉంటుంది, కరెంటు రంపం ఉంటుంది, ఉలులు, క్లాంపులు ఉంటాయి. కోసే చెక్కను దేని మీద ఆనించాలన్న ఆలోచన మాత్రం 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు గుమ్మం ముందు దిగాకే వస్తుంది. 18 మిల్లీమీటర్ల మందమున్న షీటు రకాన్ని బట్టి 30 నుంచి 37 కిలోల దాకా తూగుతుంది. దాన్ని రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద పెట్టి రంపం నడపడం ప్రమాదం. స్టూలు జారుతుంది, షీటు కదులుతుంది, కోత గీత తప్పుతుంది. అందుకే కొత్త యంత్రం కొనే ముందు ఒక జత సాహార్స్, అంటే కోసే చెక్కను ఆనించే స్టాండ్లు, సమకూర్చుకోండని అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతాను. పైన ఒక దూలం, దాని కింద ఏటవాలుగా నాలుగు కాళ్లు, అలాంటివి రెండు. చూడటానికి అంతే. షీటు కోయడం నుంచి తలుపుకు రంగు వేయడం దాకా సగం పని వాటి మీదే జరుగుతుంది.

చెక్కతో మనమే చేసుకోవచ్చు. ప్లైవుడ్ ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి నిలబెట్టవచ్చు. వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టాలతో చేయించవచ్చు. మడిచే రకం కొనుక్కోవచ్చు. వీటిలో ఏది ఎక్కువ బరువు మోస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సింది. సరిగ్గా చేసిన ఏ జతైనా ఇంటి పనికి సరిపడా బరువు మోస్తుంది. ముందు తేల్చుకోవలసినవి రెండు: మీ చేతిలో ఉన్న రంపం ఏది, పని అయ్యాక వీటిని ఎక్కడ పెడతారు.

ముందు ఎత్తు సంగతి

చేతి రంపంతో కోసేవారికి మోకాలి ఎత్తు, అంటే 18 నుంచి 20 అంగుళాలు సరైనది. పలక మీద మోకాలు ఆనించి ఒంటి బరువుతో నొక్కిపట్టవచ్చు. క్లాంపు అక్కర్లేదు. చెయ్యి భుజం నుంచి కిందికి ఒకే వరుసలో ఆడుతుంది. అదే పలకను నడుము ఎత్తు బల్ల మీద పెట్టి కోస్తే మోచెయ్యి పైకి లేచి, కాసేపట్లోనే భుజం పట్టేస్తుంది. మన వడ్రంగులు నేల మీద కూర్చుని చెక్కను పాదంతో తొక్కిపట్టి కోయడంలో ఉన్న కిటుకూ ఇదే. అక్కడ చెక్కను పట్టుకునేది మనిషి శరీరమే. చిన్న ముక్కలకు ఆ పద్ధతి చాలా బాగుంటుంది. షీట్లకు, ఆరేడు అడుగుల పలకలకు మాత్రం అది చాలదు.

కరెంటుతో నడిచే సర్క్యులర్ రంపానికి లెక్క వేరు. దాని బరువును షీటే మోస్తుంది, మనం ముందుకు నడిపిస్తే చాలు. ఇక్కడ చూడవలసింది అవతలి అంచు చేతికి అందడం. షీటు వెడల్పు 4 అడుగులు. అది 34 అంగుళాల ఎత్తున ఉంటే చివరి అడుగు కోయడానికి బాగా వంగి, మునివేళ్ల మీద నిలబడాలి. తిరిగే బ్లేడుతో అలా నిలబడకూడదు. 24 అంగుళాల ఎత్తయితే తొడ మీదికి షీటు వస్తుంది, కోత గీత పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. అల్మరాలు బిగించేటప్పుడూ ఇదే ఎత్తు కలిసివస్తుంది. 3 అడుగుల పెట్టెను 34 అంగుళాల మీద నిలబెడితే దాని నెత్తి 70 అంగుళాలకు చేరుతుంది. 24 మీద పెడితే 60 దగ్గర ఆగుతుంది, మూలమట్టం పెట్టి చూసుకోవచ్చు.

చిత్రిక పట్టడానికి ఇంకా ఎత్తు కావాలి. కానీ అది పక్కకు నెట్టే పని, దానికి బరువైన వర్క్‌బెంచీ ఉండాలి. సాహార్స్ చేత ఆ పని చేయించాలని చూడొద్దు. మొత్తం మీద ఒకే జతతో సరిపెట్టుకునేవారికి నా సమాధానం 24 అంగుళాలు.

చెక్కతో చేసుకునేది

నాకు అన్నిటికన్నా నచ్చింది, పెరడో, కారు షెడ్డో, ఖాళీ గదో ఉన్నవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం ఉన్న చెక్కలు 36 అంగుళాల పొడవున మూడు తీసుకోండి. ఒకటి నిలువుగా మధ్యలో, మిగతా రెండూ దాని పైన, కింద పడుకోబెట్టి బిగిస్తే ఇంగ్లిషు ‘ఐ’ అక్షరం ఆకారంలో దూలం తయారవుతుంది. ఇప్పుడు కాలి పైకొనను నిలువు చెక్కకూ పై పలకకూ మధ్య ఉన్న మూలలోకి నెట్టి, కింది పలక అంచు మీదికి వాల్చండి. వాలు దానంతట అదే కుదురుతుంది. కింది పలక ముప్పావు అంగుళం బయటికి ఉంటుంది, నిలువు చెక్క ఎత్తు 3 అంగుళాలు. లెక్క వేస్తే 14 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు, రెండు దిక్కుల్లో వాలే కాళ్లకు కావలసిన చిక్కు లెక్కలూ ఉండవు. కాలి రెండు కొనలనూ ఆ 14 డిగ్రీల వాలుకు, ఒకదానికొకటి సమాంతరంగా కోస్తే చాలు. 24 అంగుళాల ఎత్తుకు పాదాల దగ్గర వెడల్పు దాదాపు 16 అంగుళాలు వస్తుంది.

దీని అసలు బలం స్క్రూలలో లేదు. బరువు పై పలక నుంచి నేరుగా కాలి తల మీదికి దిగి నేలకు చేరుతుంది. స్క్రూ పని కాలును కదలకుండా పట్టి ఉంచడం వరకే. దూలం పక్కలకు కాళ్లను ఆనించి మేకులు కొట్టే మామూలు రకంలో బరువంతా ఆ మేకుల మీదే పడుతుంది. రోజులు గడిచేకొద్దీ రంధ్రాలు వదులై, కాళ్లు పక్కలకు జారడం మొదలవుతుంది. మీ చుట్టుపక్కల ఊగిపోతున్న పాత స్టాండు ఉంటే దాని అతుకు చూడండి, చాలావరకు కారణం అక్కడే దొరుకుతుంది.

ఒక్కో కొనన ఉండే రెండు కాళ్ల మధ్య, దూలానికి ఆనుకునేలా ఒక ప్లైవుడ్ ముక్కను అడ్డంగా బిగించండి. దాన్ని మరీ కింద పెడితే స్టాండ్లను ఒకదానిపై ఒకటి పేర్చడం కుదరదు. కాళ్లు దూలం కొనలకు మరీ లోపలగా ఉండకూడదు. ఉంటే కొన మీద బరువు పడినప్పుడు అవతలి వైపు పైకి లేస్తుంది.

విదేశీ నమూనా చూసి చేసేవారు ఒక సంగతి గమనించాలి. అమెరికా ప్లాన్లలో 2×4 అని రాసిన చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. ఆ కొలతలతో ఇదే దూలం చేస్తే వాలు 16 డిగ్రీలకు చేరుతుంది. మన అడితిలో అడిగిన కొలతకు కోసి ఇస్తారు కాబట్టి, చేతికి వచ్చిన చెక్కను కొలిచి, దాన్ని బట్టి గీత గీసుకోవాలి. దూలానికి తగిలించే రెడీమేడ్ ఇనుప బ్రాకెట్లు కూడా ఆ అమెరికా కొలతకే చేసి ఉంటే మన చెక్కకు వదులుగానో బిగుతుగానో ఉంటాయి. అవి కొనమని నేను చెప్పను.

ఏ చెక్క? టేకు దీనికి వృథా. మామిడి, వేప, పాత ప్యాకింగ్ పెట్టెల పైన్ ఏదైనా పనికొస్తుంది. నీలగిరి గట్టిదే కానీ ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, బాగా ఆరిన ముక్క దొరికితేనే తీసుకోండి. పచ్చి చెక్క ఏదైనా వద్దు. ఆరి కుంచించుకుపోయాక అతుకులన్నీ వదులవుతాయి. ఒక జతకు ఘనపుటడుగు పైన కొంచెం పడుతుంది, కోత వృథాతో కలిపి ఒకటింపావు అనుకోండి. పైన్‌తో చేస్తే ఒక్కో స్టాండు 7 కిలోలు, మామిడి లాంటిదైతే 10 దాటుతుంది. ఆ బరువు లోపం కాదు, రంపం నెడుతున్నప్పుడు స్టాండు కదలకుండా ఉండేది దాని వల్లే. లోపం వేరే ఉంది: ఇది మడవదు. రెండు స్టాండ్లకు ఏడాది పొడవునా నేల మీద చోటు ఇవ్వాలి.

ప్లైవుడ్ ముక్కలది

అపార్టుమెంటులో ఉండి, బాల్కనీలోనో డాబా మీదో ఆదివారం పని చేసుకునేవారికి అంత చోటు ఉండదు. వారికి ప్లైవుడ్ రకం మేలు. ఇంగ్లిషు ‘ఎ’ అక్షరంలాంటి కాళ్ల పలకలు రెండు, వాటిని కలిపే అడ్డ పలక ఒకటి. పలకల్లో సగం లోతు గాడులు తీసి ఒకదానిలో ఒకటి దించితే స్టాండు నిలబడుతుంది. పని అయ్యాక విడదీసి తలుపు వెనకో, మంచం కిందో పెట్టవచ్చు. ఒక 8×4 షీటులో జత వచ్చి ఇంకా ముక్క మిగులుతుంది. చేయడమూ తేలికే, ఒక జత కాళ్లు గీస్తే మిగతావి దాని మీద పెట్టి గీసుకోవచ్చు.

దీని ప్రాణమంతా గాడి బిగుతులో ఉంది. షీటు మీద 18 మిల్లీమీటర్లు అని ఉన్నా అసలు మందం కొంచెం తక్కువ ఉండవచ్చు. షీటు కొన్నాక వెర్నియర్‌తో కొలిచి, మిగిలిన ముక్క మీద ఒక గాడి తీసి చూసి, ఆ తర్వాతే అసలు పలకలు కోయాలి. గాడి ఒక మిల్లీమీటరు వదులైనా స్టాండు పక్కకు ఊగుతుంది. తరచూ విప్పి బిగించడం వల్ల కూడా గాడి అరుగుతుంది. అందువల్ల చెక్క స్టాండు బతికినంత కాలం ఇది బతకదని ముందే ఒప్పుకోవాలి. 18 మిల్లీమీటర్ల అంచుల మీద నిలబడుతుంది కాబట్టి మట్టి నేలలో దిగబడుతుంది కూడా.

ప్లైవుడ్ అంచు నీటిని పీల్చుకుంటుంది. తడి డాబా మీద నాలుగు వానలకు మామూలు ఎంఆర్ గ్రేడు (గాలిలో తేమను మాత్రమే తట్టుకునే) షీటు పొరలు విడిపోతుంది. భారత ప్రమాణం ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) గానీ, ఐఎస్ 710 మెరైన్ గానీ తీసుకోండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అయితే 710 మీద పెట్టిన అదనపు డబ్బు దండగ కాదు. కాళ్ల కింది అంచులకు ఎనామిల్ పెయింటు పూసి, పాత సైకిలు ట్యూబు ముక్కలు అంటించండి. అవి తేమను ఆపుతాయి, బండల మీద జారకుండానూ పట్టుకుంటాయి.

ఇనుపవి, రెడీమేడ్‌వి

అంగుళం చదరపు గొట్టం, 16 గేజి, ఒక్కో స్టాండుకు ఐదున్నర, ఆరు మీటర్లు. దగ్గర్లోని వెల్డింగ్ షాపులో గీత గీసి ఇస్తే చేసేస్తారు. బరువు 6, 7 కిలోలు. కీళ్లు, గొలుసు పెట్టించుకుంటే మడుస్తుంది. చెదలు పట్టవు, ఏళ్ల తరబడి ఉంటుంది. పని చోటు మారుస్తూ ఆటోలో వేసుకుని తిరిగేవారికి ఇదే సరైనది. కానీ ఇనుము మీద నేరుగా కోత పనికిరాదు. బ్లేడు గొట్టానికి తగిలితే కార్బైడ్ పళ్లు ఎగిరిపోతాయి, కళ్లకు ప్రమాదం. గొట్టం మీద రెండు అంగుళాల చెక్క బద్దను బిగించి తీరాలి, స్క్రూలు కింది నుంచి వేయాలి. ఆ బద్ద కోతలతో అరిగిపోయినప్పుడు మార్చుకోవచ్చు.

కొనే ప్లాస్టిక్ రకాలు తేలిక, క్షణంలో విచ్చుకుంటాయి. రంగులు వేయడానికి, తలుపు ఆనించి ఆరబెట్టడానికి చక్కగా పనికొస్తాయి. కోతకు నాకు నచ్చవు. లోపల డొల్లగా ఉన్న పైభాగానికి క్లాంపు గట్టిగా పట్టదు. డాబా మీద వదిలేస్తే మన ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. డబ్బా మీద రాసిన బరువు సాధారణంగా జతకు, అదీ సమంగా పరచినప్పుడు. ఒక మూలన పడే బరువుకు ఆ అంకె వర్తించదు.

ఏ జతైనా, కోత ఇలా

స్టాండు ఎంత మంచిదైనా కోసే పద్ధతి తప్పితే లాభం లేదు. షీటును రెండు స్టాండ్ల మీద పెట్టి సరిగ్గా మధ్యలో కోస్తే, కోత ముందుకు సాగేకొద్దీ రెండు సగాలూ లోపలికి కుంగుతాయి. కోత సందు పైన మూసుకుపోయి బ్లేడును నొక్కేస్తుంది. రంపం ఒక్కసారిగా వెనక్కు, మీ మీదికి ఎగురుతుంది. రాళ్లు కోసే 4 అంగుళాల కట్టరుకు చెక్క బ్లేడు తగిలించి వాడే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దానికి బ్లేడు కింది సగాన్ని కప్పే కదిలే రక్షణ కవచం ఉండదు కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ అలవాటు మానుకోమని నా మనవి.

స్టాండ్లను 4 అడుగుల ఎడంగా పెట్టి, వాటి మీద 8 అడుగుల బద్దలు నాలుగు పరవండి, వాటి మీద షీటు. నిలువు కోతైతే గీతకు అటూ ఇటూ చెరి రెండు బద్దలు. అడ్డ కోతైతే బద్దలను దాటుతూ కోయండి. బ్లేడు లోతు షీటు మందం కన్నా 3 నుంచి 5 మిల్లీమీటర్లే ఎక్కువ పెడితే బద్దలపై గాట్లు పడతాయంతే. కోత పూర్తయ్యాక కూడా రెండు ముక్కలూ ఉన్నచోటే ఉంటాయి. వెడల్పు తక్కువ ముక్కను కోసేటప్పుడు దాన్ని స్టాండు బయటికి వేలాడనివ్వవచ్చు, కోత తెరుచుకుంటుందే తప్ప మూసుకోదు.

డాబాకు వాన నీరు పోవడానికి వాలు ఉంటుంది, తాండూరు బండలు పరచిన వరండాలో అతుకులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అందువల్ల కాళ్లను డాబా మీద సరిచేయవద్దు. ఇంట్లో సమంగా ఉన్న గచ్చు మీద స్టాండు నిలబెట్టి, పొట్టి కాలి కింద ముక్క పెట్టి ఊగకుండా చేసి, పలుచని చెక్క మీద పెన్సిలు ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ ఒకే ఎత్తున గీత గీసి కోయండి. డాబా మీద ఊగితే రబ్బరు ముక్క ఒకటి కాలి కిందికి నెడితే సరిపోతుంది.

చోటు ఉంటే 24 అంగుళాల చెక్క జత, లేకపోతే 710 ప్లైవుడ్ జత, తిరిగే పనైతే చెక్క బద్ద బిగించిన ఇనుప జత. చేతి రంపం ఇష్టపడేవారు వీటితో పాటు 20 అంగుళాల పొట్టి స్టాండు ఒక్కటి చేసుకోండి. దాని పై పలక మాత్రం కనీసం 7 అంగుళాల వెడల్పు ఉండాలి, మోకాలు, చెక్క రెండూ దాని మీదే ఆనాలి కదా.